ఊయలలకు తాళం

పద్దెనిమిదో తారీకు, శనివారం.

ఈపూట పనులు: ఉతికి ఆరేసినవి దుప్పట్లు నాలుగు, మీ అబ్బాయి చొక్కాలు అయిదు. గుండీలు కుట్టడం అయింది. బియ్యం ఏరడం అయింది. గ్యాసు బండ మార్చడం అయింది. పాలవాడి లెక్క సరిచూసి ముట్టజెప్పడం అయింది. మీ ఉత్తరానికి జవాబు రాయడం మాత్రం పది రోజులుగా వాయిదా పడుతూ వచ్చింది. ఇదిగో, కూర్చున్నాను.

అత్తయ్యగారికి మీ పెద్దకోడలు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ ఒంట్లో అందరం బాగానే ఉన్నాం. మనసుల సంగతి కిందికి వెళ్లేకొద్దీ తెలుస్తుంది. మీ రెండో మోకాలి కట్టు కూడా విప్పారని, కర్ర పట్టుకుని వసారా దాకా నడుస్తున్నారని చదివి మీ అబ్బాయి ఆ నాలుగు వాక్యాలూ మళ్లీ చదివించుకున్నారు. ఫోనులో మాట్లాడితే మీకు సగం వినపడదు, మిగతా సగం మీరు వినరు. అందుకని ఉత్తరమే మేలు. ఒక్క మనవి. దీన్ని భూతద్దం పెట్టుకుని మీరే చదువుకోండి, మరిదిగారి చేత చదివించుకోవద్దు. ఆయన మంచివారే గాని, ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. ఇందులో ఉన్నదంతా సాయంత్రానికల్లా వదినగారికి చేరిపోతుంది.

మీరు అడిగినవి వరసగా చెబుతాను. మీ గది కిటికీకి చెదలు పట్టలేదు, కిరసనాయిలు పూయించాను. మీ ఇత్తడి చెంబు ఎక్కడికీ పోలేదు, మీరు దాచిన చోటే ఉంది, అటక మీద పాత పరుపులో. మీ అబ్బాయి వేళకే తింటున్నారు. ఉప్పు తగ్గించాను. ఆయన ఇంకా కనిపెట్టలేదు, మీరు చెప్పకండి. ఆటస్థలంలో మీ బెంచీ వేశారా, ఏ వైపు వేశారు అని అడిగారు. వేశారు. పడమటి గోడ పక్కన, ఎండ త్వరగా తప్పుకునే చోట.

ఇక ఆఖరి ప్రశ్న. "మా అమ్మాయి ఫోను చేస్తే ఏడుపే. నువ్వు ఏం చేశావు?" అన్నారు. బెంచీ సంగతీ ఈ సంగతీ ఒకటే, అత్తయ్యా. మొదటి నుంచి చెప్పకపోతే మీకు అర్థం కాదు.

మీరు ఆపరేషన్లకని వెళ్లేనాటికి మన వంటింటి వెనక స్థలం ఎలా ఉండేదో మీకు తెలుసు. పాత నీళ్ల ట్యాంకు కూల్చిన రాళ్లగుట్ట, పగిలిన గాజు, కుక్కలు. ఇవతల మన రెండు వీధులు, అవతల మిల్లు క్వార్టర్స్. ఆ స్థలంలో ఊయలలు, నడక బాట, బెంచీలు వేయించుకుందామని మన సంఘం అనుకోవడం, సంఘం అధ్యక్షుడు మీ అల్లుడుగారే కావడం మీకు తెలిసిందే. తెలియనిదల్లా డబ్బు ఎలా వచ్చిందన్నది. ప్రభుత్వం ఆరుబయట ఆటస్థలాలకు గ్రాంటు ఇస్తుంది. ఖర్చులో సగం వాళ్లు ఇస్తారు, సగం జనం పెట్టుకోవాలి. జనం తమ సగాన్ని డబ్బుగా ఇవ్వొచ్చు, సామానుగా ఇవ్వొచ్చు, ఒంటి కష్టంగానూ ఇవ్వొచ్చు. కష్టానికి రోజుకూలి చొప్పున లెక్క కడతారు.

మీ అల్లుడుగారు ఆ కాగితాలు తెచ్చి నా ముందు పడేశారు. "చెల్లెమ్మా, చీటీల లెక్కలు నీకు కొట్టినపిండి. ఇదీ ఒక చీటీ అనుకో. పాట మాత్రం ప్రభుత్వం పాడుతుంది" అన్నారు. నాకూ సరదాగానే అనిపించింది. వంట అయ్యాక కూర్చుని రాసేదాన్ని. మొదటిసారి స్థలం తాలూకు ఒప్పుకోలు జతచేయలేదని తిప్పి పంపారు. రెండోసారి గ్రాంటు ఆఫీసులో పెద్ద గుమాస్తా, ఒకావిడ, నన్నే పిలిపించింది. చెవిలో పెన్సిలు, బల్ల కాలు కింద మడత పెట్టిన అట్ట. చిన్న గదిలో ఇద్దరం మోకాళ్లు తగిలేటట్టు కూర్చున్నాం.

"ఇది రాసింది మీరేనామ్మా? అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. విషయమే బాలేదు. 'కాలనీ సభ్యుల ఆరోగ్యం కోసం' అట. సభ్యుల కోసమైతే సభ్యుల డబ్బుతో కట్టుకోండి. ఇది జనం డబ్బు. ఇందులో జనం ఏరీ?"

నేను కాగితం తిప్పి చూశాను.

"మీ పక్కన ఇంకెవరూ ఉండరా?"

"ఉన్నారండీ. అవతల మిల్లు క్వార్టర్స్."

"ఒంటిగది ఇళ్లేనా? పెరడూ వసారా లేనివా? మరి ఆ ముక్క రాయరేం? దరఖాస్తుకి మార్కులు పడేదే వాళ్ల వల్ల. కాకపోతే ఒకటి గుర్తుంచుకోండి, రాసినాక అది వాళ్లది కూడా."

ఇంటికి వచ్చి మీ అల్లుడుగారికి చెప్పాను. "మార్కుల కోసమైతే రాయి చెల్లెమ్మా, రాతలో ఏముంది?" అన్నారు. ఆ మాట అప్పుడు నా చెవికెక్కలేదు.

నేను క్వార్టర్స్‌కి వెళ్లాను. అక్కడ బొంగరం ఉంటుంది, మీరు ఎరుగుదురు. మిల్లులో ఊడ్చే పని. ఒక్కచోట నిలబడదని అందరూ అలా పిలుస్తారు. మన మెట్ల దగ్గర నిలబెట్టి మీరు పాత చీరలు ఇచ్చింది ఆమెకే. సంగతి చెప్పి, రాళ్లగుట్ట ఎత్తడానికి ఆదివారాలు వస్తారా అని అడిగాను. పంపు దగ్గర ఆడవాళ్లంతా మూగారు.

"ఎత్తుతాం సరే అమ్మగారూ," అంది బొంగరం. "ఎత్తాక మమ్మల్ని లోపలికి రానిస్తారా, రాళ్లతో పాటు అవతల పారబోస్తారా?"

"అందరి కోసమని ప్రభుత్వానికి రాసిస్తున్నాం కదా."

"ప్రభుత్వం నాకు చుట్టమా ఏంటి, నేను నమ్మడానికి? మీరు మాటిస్తారా?"

"ఇస్తున్నాను."

"సంఘం మాటా, మీ మాటా?"

"నా మాట."

"అయితే సరే. పిల్లలకి రోడ్డు మీద లారీల భయం తప్పుతుంది" అంది.

ఆరు ఆదివారాలు వచ్చారు అత్తయ్యా. వారమంతా మిల్లులో నిలబడ్డ కాళ్లు, ఆ ఒక్కరోజూ మన గుట్ట దగ్గర నిలబడ్డాయి. తట్టలు వాళ్లవే, గడ్డపారలు వాళ్లవే. మన సంఘం పెద్దమనుషులు కుర్చీలు తెచ్చుకుని నీడలో వేసుకుని, "ఆ మూల ఇంకా ఉంది, ఆ మూల" అని వేలు చూపించారు. మీ అల్లుడుగారు గొడుగు కూడా తెచ్చుకున్నారు. జనం పెట్టాల్సిన సగంలో మన రెండు వీధుల చందా పిడికెడు, వాళ్ల కష్టం బుట్టెడు. ఆ లెక్క కట్టింది నేనే. గ్రాంటు మంజూరైంది. సంఘంలో మీ అల్లుడుగారికి దండ వేశారు.

ఊయలలు వచ్చాయి, జారుడుబల్ల వచ్చింది, బాట వచ్చింది. తరవాత దరఖాస్తులో ఎక్కడా లేని గేటు వచ్చింది. ఇనుపగేటు, నిలువెత్తు, పైన బల్లేల్లాంటి మొనలు. పక్కన బోర్డు, 'సంఘ సభ్యులకు మాత్రమే' అని. నేను చేతి పిండి కడుక్కోకుండానే వదినగారింటికి వెళ్లాను.

"ఈ గేటేంటి అన్నయ్యగారూ?"

"భద్రత చెల్లెమ్మా, భద్రత."

"ఎవరి నుంచి?"

"తెలియనట్టు అడుగుతావేం?"

వదినగారు లోపలి నుంచే అందుకున్నారు. "నీకేం, పిల్లలు పెద్దవాళ్లయ్యారు. నా మనవలు రేపు ఆ ఊయలెక్కాలి. వాళ్ల పిల్లలు కూర్చున్న పలక మీదే కూర్చోవాలా? ఛీ."

మీ అమ్మాయి మాట మీకు రాయడం నాకు ఇష్టం లేదు. కాని ఆ 'ఛీ' రాయకపోతే మిగతాది మీకు ఎక్కదు. ఆ పలకల కింద నేల చదును చేసింది ఎవరని అడిగాను. "కూలికి చేశారు, పోయారు" అన్నారు. కూలి ఎవరిచ్చారో చెప్పండన్నాను. మాట మార్చి టీ తాగుతావా అన్నారు.

మొదటి తనిఖీ సంగతి చెబుతాను. ఇది చెప్పడానికే నాకు రోత. గ్రాంటు ఆఫీసు నుంచి జీపు వస్తుందని కబురు అందగానే గేటు బార్లా తెరిచారు, బోర్డు మీద గోనెపట్టా కప్పారు. గేటు దగ్గర పెట్టిన కాపలాదారుని క్వార్టర్స్‌కి పంపి పిల్లల్ని పిలిపించారు. మొహాలు కడుక్కుని రమ్మన్నారు. తలా ఒక చాక్లెట్ ఇచ్చి ఊయలల మీద ఎక్కించి, నవ్వమన్నారు. ఫొటోలు తీశారు. జీపు మలుపు తిరిగిందో లేదో, "ఇక చాలు, దిగండి, దిగండి" అని చప్పట్లు కొడుతూ తోలారు. నేను వంటింటి కిటికీలో నిలబడి చూశాను. బొంగరం మనవరాలు, ఇంతలేసి కళ్లు, చాక్లెట్ బుగ్గన పెట్టుకునే ఉంది. తోపులాటలో దాని చెప్పొకటి లోపల పడిపోయింది. గేటు మూసేశారు. అది ఊచలు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడింది. ఏడవలేదు కూడా. కాపలాదారు ఆ చెప్పు తీసి గేటు మీదుగా అవతలికి విసిరాడు. పాపం వాడు, చెప్పినపని చేసేవాడు. కాని ఆ పైనుంచి పడుతున్న చెప్పు నాకు ఇంకా కళ్లలోనే ఉంది. నా మాట అనుకున్నాను. గాలిలో లేచి దుమ్ములో పడింది నా మాటే.

మర్నాడు పంపు దగ్గర బొంగరం ఎదురైంది. ఆగలేదు. బొంగరం ఆగదుగా. మాట మాత్రం వదిలి వెళ్లింది. "ఫొటోల్లో మా పిల్లలు బాగా పడ్డారా అమ్మగారూ?"

ఆరోజు అన్నం సహించలేదు. మీ అబ్బాయితో అన్నాను. "మీ బావగారితో మీరు మాట్లాడండి" అని. ఆయన ఎప్పటిలాగే పేపరు మడిచి, "అక్కతో గొడవ పెట్టుకుంటే అమ్మ ఏమంటుందో" అన్నారు. ఆకాశరామన్న ఉత్తరం రాయొచ్చునని ఒక ఆలోచన తట్టింది. పేరు లేకుండా రాయడానికి చెయ్యి రాలేదు. పేరు పెట్టి రాస్తే మీ కూతురి కాపురం మీద ఫిర్యాదు చేసినట్టు. అలా మింగలేక కక్కలేక నెల గడిపాను.

ఇంతలో ఆఖరి తనిఖీ వచ్చింది. అది అయితేనే గ్రాంటులో మిగిలిన డబ్బు వస్తుంది. మీ అల్లుడుగారే వచ్చి, "చెల్లెమ్మా, స్థలానికి దగ్గర మీ ఇల్లే. ఆఫీసరుగారికి టీ నీ చేతి మీదుగా. పావుగంటలో పంపించేద్దాం" అన్నారు. సరేనన్నాను.

అత్తయ్యా, ఇప్పుడు రాసేది మీ అమ్మాయికి సగమే తెలుసు. మిగతా సగం ఈ ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు.

పిల్లల్ని మళ్లీ తెచ్చారు, మళ్లీ నవ్వించారు. ఈసారి చాక్లెట్ పెద్దది. తనిఖీ అయ్యాక ఆఫీసరుగారు మెట్లెక్కి వచ్చారు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, అలిసిపోయిన కళ్లద్దాలు. హాల్లో కూర్చున్నారు. ఫ్యాను తిరగలేదు. "అయ్యో, ఫ్యాను పాడైందండీ, వంటింటి పక్కన బల్ల దగ్గర కూర్చోండి, కిటికీ ఉంది, గాలి వస్తుంది" అన్నాను.

ఫ్యాను పాడవలేదు. ఫ్యూజు నేనే తీసి కందిపప్పు డబ్బాలో పెట్టాను.

ఆఫీసరుగారిని కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టాను. మీ అల్లుడుగారికి కిటికీ వైపు వీపు వచ్చేలా కుర్చీ వేశాను. మీ అబ్బాయిని పక్కన. పాలు సన్నసెగ మీద పెట్టాను. ఎంత సన్నగా అంటే, మీరు చూస్తే "ఆ దీపంతో చలి కాచుకుంటావా?" అనేవారు.

"పాలు ఇంకా పొంగలేదా చెల్లెమ్మా?" అన్నారు మీ అల్లుడుగారు.

"చిక్కటి పాలు అన్నయ్యగారూ, నిదానంగా కాగాలి."

ఆఫీసరుగారు బిస్కెట్ విరుస్తూ అన్నారు. "ఈ ఉద్యోగంలో ఎక్కడికెళ్లినా పిల్లలు ఊయలల మీదే కనిపిస్తారమ్మా. బడి ఉన్నరోజైనా సరే. మా జీపు ఎక్కడికెళ్తే అక్కడ పిల్లలు సంతోషంగా ఉంటారు."

ఆయన నవ్వలేదు. మీ అల్లుడుగారు నవ్వారు. "మాది మరీ ప్రత్యేకమండీ. మాకు తనా పరా లేదు. గోడ అవతలి పిల్లలూ మా పిల్లలే. ఆటలకి ఎక్కువా తక్కువా ఏంటండీ?" అని అందుకున్నారు. సరిగ్గా అప్పుడే ఆయన వీపు వెనక కిటికీలో కాపలాదారు చప్పట్లు మొదలుపెట్టాడు. జీపు మలుపులో నీడన ఆగి ఉందని వాడికేం తెలుసు? ఒక పిల్లాడు జారుడుబల్ల పైదాకా ఎక్కి ఉన్నాడు, వాణ్ని కాలు పట్టి లాగాడు. ఊయల ఇంకా ఊగుతుండగానే పిల్లని దింపాడు. "సర్వజనుల ఆరోగ్యమే మా ధ్యేయం" అంటున్నారు మీ అల్లుడుగారు. గేటు కీచుమంది. గోనెపట్టా తీశాడు. బోర్డు బయటపడింది. ఆఫీసరుగారి చేతిలో బిస్కెట్ అలాగే ఉండిపోయింది.

మీ అబ్బాయి చూశారు. కిటికీని చూసి, నన్ను చూసి, మళ్లీ కిటికీని చూశారు. ఆయన మెల్లిగా పళ్లెం జరిపి, "ఇంకో బిస్కెట్ తీసుకోండి బావా" అన్నారు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన నా పక్కన నిలబడ్డారని నాకు తెలిసిన క్షణం అది.

ఆఫీసరుగారు అడిగారు. "ఆ గేటు తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది సార్?"

"నా దగ్గరే అండీ!" అని మీ అల్లుడుగారు జేబు తట్టి చూపించారు. "ఒకటే తాళంచెవి. ఇంకొకరి చేతికి ఇవ్వను."

అప్పుడు పాలు పొంగాయి.

మర్నాడే గ్రాంటు ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. గేటూ బోర్డూ తీసేసి, స్థలం అందరికీ తెరిచి ఉంచాలి. లేదంటే మిగిలిన డబ్బు రాదు సరికదా, ఇచ్చినదంతా సంఘం తిరిగి కట్టాలి. సంఘం సమావేశం పెట్టారు. అత్తయ్యా, నేను రేషను క్యూలు చూశాను, ఆస్పత్రి వార్డులు చూశాను, అంత రోత ఎక్కడా చూడలేదు. గేటు ఉండాల్సిందేనని మొదట అందరూ బల్లలు గుద్దారు. మన పరువు అన్నారు, మన పిల్లల భద్రత అన్నారు. "తిరిగి కట్టాల్సింది ఇంటికింత పడుతుంది" అని నేను లెక్క చదివాను. గది చల్లబడింది. ఒకాయన దగ్గి, "నిజానికి గేటు నాకు మొదట్నుంచీ ఇష్టం లేదు" అన్నాడు. పక్కాయన, "పిల్లలంతా ఒకటే కదండీ" అన్నాడు. చూస్తుండగానే అందరూ ధర్మాత్ములైపోయారు. గేటు తీసేయాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. మంచిపని జరిగింది, నాకు మాత్రం చేతులు కడుక్కోవాలనిపించింది.

చివర్లో మీ అల్లుడుగారు, "దీనికంతటికీ ఆ కాపలా వెధవే కారణం, ఆఫీసరు వెళ్లాడో లేదో చూసుకోకుండా! వాణ్ని తీసేశాను" అన్నారు. వాడు తలుపు దగ్గరే చేతులు కట్టుకుని ఉన్నాడు. అక్కడ నేను ఊరుకోలేకపోయాను. లేచి, "ఆఫీసరుగారిని కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టింది నేను. కావాలనే. తీసేయాలంటే నన్ను తీసేయండి" అన్నాను. గ్రాంటు నియమం ప్రకారం మొక్కలకు నీళ్లు పోయడానికి మనిషి ఉండాలి కాబట్టి వాడు మిగిలాడు. సంఘంలోంచి నేను పోయాను. వదినగారు అందరి ముందూ, "తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టే రకం! ఇంకెప్పుడూ నా గడప తొక్కకు" అన్నారు. లెక్కపెట్టడం నాకు అలవాటే, ఏం చేయను. ఇదీ మీ అమ్మాయి ఏడుపు కథ.

ఇక్కడితో ఆపితే బాగుండేది. గేటు పోయింది, తూకానికి అమ్మేశారు. ఇక పిల్లలు వస్తారని కిటికీలో నిలబడ్డాను. ఒక్కరూ రాలేదు. వారం గడిచింది. రోడ్డు మీదే ఆడుతున్నారు, లారీల మధ్య. నేనే వెళ్లి బొంగరాన్ని అడిగాను.

"గేటు తీసేశారు. పిల్లల్ని పంపించొచ్చుగా?"

"పిలిస్తే రావడానికీ తోలితే పోవడానికీ మేమేం కోళ్లమా అమ్మగారూ?"

"నా మాట నిలబెట్టుకున్నాను కదే."

"మీరు నిలబెట్టుకున్నారో, జరిమానాకి జడిసి వాళ్లు తీశారో మాకేం తెలుసు? మాకు తెలిసింది ఒకటే. మా ఆదివారాలు ఆరు పోయాయి."

"కూలి లెక్కకట్టి ఇప్పిస్తాను."

"కూలికైతే మొదటిరోజే పుచ్చుకునేవాళ్లం" అని ఒక్క నిమిషం నిలబడింది. బొంగరం నిలబడటం నేను అప్పుడే చూశాను. "ఆదివారాలు పోయాయన్నాను, ఆదివారాలే ఇవ్వండి. ఇదిగో ఈ పంపు గుంట. బురద పేరుకుని రెండేళ్లయింది. మీ మున్సిపాలిటీ రాదు. మీరు రండి. ఆరు ఆదివారాలు మీరు ఎత్తండి, మేం కుర్చీలేసుకుని వేలు చూపిస్తాం."

ఆడవాళ్లంతా గొల్లున నవ్వారు. నాకు ఒళ్లు మండింది. ఇంటికి వచ్చి గిన్నెలన్నీ దబదబా తోమాను. తోముతూ తోముతూ ఉంటే దానిలో అన్యాయం ఎక్కడుందో వెతికాను. దొరకలేదు.

మొదటి ఆదివారం నేను ఒక్కదాన్నే వెళ్లాను. నిజంగానే కుర్చీలు వేసుకున్నారు. "ఆ మూల ఇంకా ఉందమ్మగారూ, ఆ మూల" అని వేలు చూపించారు. కంపు గురించి ఏం రాయను, చీర మూడుసార్లు ఉతికాను. అయినా ఆ బురద మన సమావేశం కన్నా నయం. ఎత్తితే పోతుంది. రెండో ఆదివారం మీ అబ్బాయి లుంగీ ఎగ్గట్టి వెనకాలే వచ్చారు. "ఆడదానివి ఒక్కదానివే మోస్తుంటే జనం నన్నేమంటారు?" అన్నారు. అది సాకు. తరవాత కాపలాదారు వచ్చాడు, మన వీధి కుట్టుపనామె వచ్చింది. మూడోవారం నుంచి బొంగరం కుర్చీలో కూర్చోలేకపోయింది, చుట్టూ తిరుగుతూనే ఉంది. తట్ట మాత్రం ముట్టుకోలేదు. బాకీ బాకీయే. వదినగారు మేడ మీంచి చూసి, "ఇంటి పరువు బురదలో కలిపావు" అని అరిచి తలుపేసుకున్నారు.

రేపు ఆరోది. తరవాత వాళ్లు వస్తారో రారో నాకు తెలియదు. రాకపోతే నేను చేయగలిగింది ఇంకేం లేదు.

ఇక మీ సంగతి. ఈ ఉత్తరం ఇన్నాళ్లు రాయలేకపోయింది మీ అమ్మాయికి భయపడి కాదు, మీకు భయపడి. క్వార్టర్స్ వాళ్లను మీరూ మెట్లు దాటనిచ్చేవారు కాదు. వచ్చేనెల మీరు వచ్చి ఆ బెంచీ మీద కూర్చుంటే మీ పక్కన ఎవరు వచ్చి కూర్చుంటారో నేను చెప్పలేను. లేవమని ఎవరికీ చెప్పను. మీకు కూర్చోబుద్ధి కాకపోతే మన మేడ మీదే మెత్తటి కుర్చీ వేయిస్తాను. మీ అమ్మాయి ఇంటికి మీరు ఎప్పుడంటే అప్పుడు వెళ్లండి, మీ అబ్బాయి దిగబెడతారు. నన్ను మాత్రం ముందు వెళ్లి బతిమాలమనకండి. ఫ్యూజు తీసినందుకు తిట్టండి, పడతాను. కుర్చీ అటు వేసినందుకు మాత్రం వద్దు.

పందొమ్మిది, ఆదివారం సాయంత్రం. కవరు ఇంకా అంటించలేదు.

పొద్దున్నే వెళ్లాం. ఆఖరి తట్ట ఎత్తేసరికి గుంట అడుగున సిమెంటు కనిపించింది. అడుగుంటుందని అక్కడ ఎవరికీ తెలియదు. బొంగరం వంగి చూసి, వేలితో గీకి చూసి, నమ్మింది. చెంబుతో నీళ్లు తెచ్చి నా కాళ్ల మీద పోసింది, తరవాత మీ అబ్బాయి కాళ్ల మీద. ఆయన సిగ్గుతో గెంతారు.

"సరిపోయిందా?" అన్నాను.

"సరిపోయింది. రేపట్నించి మా పిల్లలు వస్తారు" అంది. "అడగడం కాదు, చెబుతున్నా."

రేపటి దాకా కూడా ఆగలేదు. ఇది రాస్తుంటే కిటికీలోంచి ఒకటే గోల, కొట్లాటలు, బూతులు కూడా. ఊయల వంతు కోసం మన వీధి పిల్లాడొకడు ఏడుస్తున్నాడు. ఎవరూ ఎవరినీ నవ్వమనడం లేదు. నాకు తలనొప్పిగా ఉంది. టీ పెట్టుకోవాలి.

ఇట్లు,
మీ మాట కోసం ఎదురుచూసే
పెద్దకోడలు.

క్వార్టర్స్ వాళ్లకు మనం బాకీ పడ్డ ఆదివారాలు ఆరు. ఈరోజుతో చెల్లు.